ఓడెక్కని ఓట్లు

మా ఇంట్లో మగవాళ్ళు రాజకీయాల గురించి గొంతు పెంచినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. సిద్ధాంతం, త్యాగం, క్రమశిక్షణ లాంటి మాటలు వింటే నాకు నవ్వొస్తుంది. వయసులో పెద్దదాన్ని, మొహం మీద నవ్వితే బాగుండదు. అందుకని గిన్నెలు కడుగుతూ నవ్వుకుంటాను.

మాది ఏ పార్టీ అని అడక్కండి. ఏదైతేనేం, ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న పార్టీలన్నీ ఒకే హోటల్లో టీ తాగేవి. ఇది చదివి ఉడుక్కోవాల్సిన వాళ్ళు చాలామంది పోయారు. మిగిలిన వాళ్ళ పిల్లలకి తెలుగు చదవడం రాదు. మా మేనల్లుళ్ళనే తీసుకోండి, తెలుగులో బ్రహ్మాండంగా తిట్టుకుంటారు, అక్షరాలు చూపిస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. ఇన్నాళ్ళూ దానికి బాధపడ్డాను గానీ, ఇది రాయడానికి కూర్చున్నాక అదీ మంచిదే అనిపిస్తోంది.

మేం ఆ ఊళ్ళోనే లంబాలైన్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు నుంచి వలలతో సహా వచ్చి ఇక్కడ దిగాడు. మా నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్ళలోనే డింగీ పడవ నడిపాడు. ఇంటి పైకప్పు ధనీ ఆకు, ఇక్కడి ఉప్పు కయ్యల్లో పెరిగే తాటిలాంటి చెట్టు ఆకు. విమానం దిగేటప్పుడు మా ఇళ్ళ మీదుగానే వచ్చేది. అది వచ్చిన ప్రతిసారీ కప్పు మీది ఆకులు లేచి పడేవి, అమ్మ బయటికొచ్చి విమానాన్ని నాలుగు మాటలని లోపలికి పోయేది.

మా నాన్న నాయకుడు ఎలా అయ్యాడో చెబితే మీరు నమ్మరు. ఒకసారి పార్టీ ఊరేగింపు సముద్రం మీద పెట్టారు. మా డింగీకి కొత్తగా రంగు వేసి ఉందని పెద్ద జెండా దానికి కట్టారు. ఆ రోజు నుంచి ఆయన పార్టీ మనిషి. ఇంకో ఏడాదికి మా వార్డు డెలిగేట్లలో ఒకడు. అంటే ద్వీపాల పార్టీ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఆయనకో ఓటు. అప్పటిదాకా చేపలు అమ్మేటప్పుడు కూడా బేరం ఆడడం రాని మనిషి, డెలిగేట్ అయ్యాక ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు.

ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కాంట్రాక్టరు. మనవాడే, తెలుగువాడే, జెట్టీలు కట్టేవాడు. ఆయన కట్టిన జెట్టీల కన్నా వాటికి చేసిన ప్రారంభోత్సవాలు ఎక్కువ కాలం నిలిచాయి. రెండో ఆయన బజార్లో ఇనుప సామాన్ల దుకాణదారు. అందరూ భయ్యా అనేవాళ్ళు. ఇద్దరికీ పార్టీ సిద్ధాంతం ఏమిటో తెలియదు. అధ్యక్షుడైతే ఎవరికి హార్బర్లో ఉద్యోగం ఇప్పించాలో, ఎవరికి ఇంటి జాగా రాయించాలో చెప్పే అధికారం తనదవుతుందని మాత్రం ఇద్దరికీ బాగా తెలుసు.

దుకాణం భయ్యా ఓట్లను జింకు రేకులతో కొన్నాడు. అందులోనూ తెలివి. ఓటుకి ముందు సగం ఇంటికి రేకులు, ఓటు పడ్డాక మిగతా సగానికి. వానలు మొదలయ్యేసరికి లంబాలైన్‌లో ఏ ఇంట్లో డెలిగేట్ ఉన్నాడో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. సగం ధనీ ఆకు, సగం తళతళలాడే రేకు. దొంగతనం చేసిన వాళ్ళు దాచుకుంటారని విన్నాను, మా వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. మా నాన్న నిచ్చెన వేసుకుని స్వయంగా మేకులు కొట్టాడు. పార్టీ ఇస్తోంది అన్నాడు.

కాంట్రాక్టరు అంతకన్నా పెద్ద సరుకు పట్టుకొచ్చాడు. వైజాగ్ ఓడ టికెట్లు.

మెయిన్‌లాండ్‌లో పుట్టిన వాళ్ళకి ఇది అర్థం కాదు. అప్పట్లో విశాఖపట్నం వెళ్ళే ఓడ ఎప్పుడో ఒకసారి వచ్చేది. చావైనా పెళ్ళైనా ఆ ఓడ తేదీ చూసుకునే. టికెట్ల కిటికీ దగ్గర జనం చాపలు, అన్నం గిన్నెలతో సహా వరసలో పడి ఉండేవాళ్ళు. కిటికీ తెరిచేవాళ్ళు, కాసేపటికి అయిపోయాయని మూసేసేవాళ్ళు. కంచె అవతల సముద్రం కనిపిస్తూనే ఉండేది.

మాకు ఆ ఏడు టికెట్టు సరదాకి కాదు. అమ్మకి ఒక కన్ను అప్పటికే పోయింది. కంటి లోపల ఒత్తిడి పెరిగిందని, రెండో కన్నూ అదే దారిలో ఉందని, దానికి శుక్లం కూడా కమ్మిందని ఇక్కడి డాక్టరు చెప్పాడు. వైజాగ్ పెద్దాసుపత్రికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి, ఆలస్యం చేస్తే ఇక చూపు రాదు అని గట్టిగా చెప్పాడు. అమ్మకి అప్పటికి మనుషులు మసక మసకగా కనిపించేవాళ్ళు. చేప పొలుసు తీసేటప్పుడు వేళ్ళు కోసుకునేది. కత్తి తీసుకోబోతే, ఇంకా నాకు చేతులున్నాయి అనేది.

నాన్న వరసలో రెండుసార్లు పడుకుని ఉత్త చేతులతో వచ్చాడు. మూడోసారి వెళ్ళక్కర్లేదని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. కిటికీ దగ్గర టికెట్లు ఎందుకు అయిపోతున్నాయో అప్పుడు తెలిసింది. ఆయన మనుషులు డెలిగేట్ల పేర్ల మీద, వాళ్ళ పెళ్ళాం పిల్లల పేర్ల మీద ముందే తీసేసుకున్నారు. మా అమ్మ పేరున రోగికిచ్చే టికెట్టు, నాన్న పేరున రోగికి తోడుగా వెళ్ళే మనిషి టికెట్టు తీయించాడు. శనివారం ఓటింగు, ఆదివారం ఓడ. ఓటు వేసి వచ్చి టికెట్లు పట్టుకెళ్ళండి అన్నాడు. జనం నోటి ముందు కూడు లాక్కుని, దాన్నే విస్తట్లో పెట్టి దండం పెట్టించుకోవడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

నాన్న ఇద్దరికీ మాటిచ్చాడు. ఆయనొక్కడే కాదు, అందరూ ఇచ్చారు. రేకుల కింద కూర్చుని ఓడ టికెట్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎవరికి వేస్తావు అని అమ్మ అడిగింది. నీ కళ్ళ కోసమే కదా ఇదంతా అన్నాడు. అమ్మ తడుముకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గడ్డి తినేవాడు తన ఆకలికి తిన్నానని చెప్పుకుంటే ఒక అందం. పెళ్ళాం కళ్ళ పేరు చెప్పి తినడం నేనెక్కడా చూడలేదు.

ఓటింగు జరిపించడానికి పార్టీ పెద్ద ఒకాయన మెయిన్‌లాండ్ నుంచి శనివారం విమానంలో రావాలి. ఆయన వస్తేగాని పెట్టె తెరవరు. ఉదయం నుంచి మబ్బు పట్టేసింది. ఇస్త్రీ చొక్కాలన్నీ పూలదండలు పట్టుకుని విమానాశ్రయం ముందు నిలబడ్డాయి. విమానం మోత వినిపించింది గానీ కనిపించలేదు. మా ఇళ్ళ మీద మబ్బులో ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. తర్వాత మోత సన్నబడిపోయింది. దిగలేక వెనక్కి వెళ్ళిపోయింది. మా ద్వీపాల్లో అది కొత్త కాదు. అందరూ మెడలెత్తి ఆ ఉత్త మబ్బుని చూస్తూ నిలబడడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

మళ్ళీ విమానం మంగళవారం. ఓటింగు మంగళవారానికి మార్చామని సాయంత్రం లోపే చెప్పేశారు. ఓడ మాత్రం ఆదివారమే.

అందరూ కాంట్రాక్టరు ఇంటి మీద పడ్డారు. నేనూ నాన్న వెంట వెళ్ళాను. నాకప్పుడు పెళ్ళీడు, బడిలో తాత్కాలికంగా పాఠాలు చెబుతున్నాను, నోరు ఊరుకునేది కాదు. కాంట్రాక్టరు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన ఇబ్బంది స్పష్టంగానే ఉంది. టికెట్లు ఇచ్చేస్తే ఆయన ఓట్లన్నీ ఓడెక్కి వైజాగ్ వెళ్ళిపోతాయి. ఇవ్వకపోతే ఈ జనం రేపటి నుంచి ఆయన మొహం చూడరు. చాలాసేపు తిరిగి, చివరికి గొప్ప ఉపాయం దొరికినట్టు ఆగాడు.

ఆడవాళ్ళ టికెట్లు, పిల్లల టికెట్లు, ముసలివాళ్ళ టికెట్లు ఇప్పుడే ఇచ్చేస్తాడట. ఓటున్న వాళ్ళ టికెట్లు మాత్రం ఆయన దగ్గరే ఉంటాయట. వాళ్ళు ఉండి ఓటు వేయాలట. ఎవరూ గట్టిగా కాదనలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. అలల్లో పడవ తిప్పే మగవాళ్ళు వీళ్ళు.

నాన్న మాత్రం, మా ఆడదానికి చూపు లేదు, ఒక్కర్తినీ ఎలా పంపను అని గొణిగాడు. బెంగ పడొద్దన్నట్టు కాంట్రాక్టరు ఆయన భుజం తట్టాడు.

"అరే భయ్యా, ఫికర్ మత్ కరో. దీదీని నాను దగ్గరుండి ఎక్కిత్తాను గదా. ఓడంతా మనోల్లే."

నేను ముందుకొచ్చి, నాన్న ఉండిపోతే తోడు టికెట్టు నా పేరుకి మార్పించండి, నేను వెళ్తాను అన్నాను. ఆయన పేరు మార్పించగలడు, ఆ కిటికీ ఆయనదే. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీకు ఓటుందేటి గుంటా?"

లేదన్నాను. మరింకేటి అన్నట్టు చెయ్యి ఊపి, అవతలివాడి వైపు తిరిగాడు. నాన్న నా భుజం పట్టుకుని మెట్లు దింపాడు.

ఆదివారం హేడో జెట్టీలో చూడాలి. మూటలు, ఎండుచేపల బుట్టలు, చంటిపిల్లలు, మందుల సీసాలు పట్టుకున్న ముసలమ్మలు. అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ మగవాళ్ళు ఇనుప గేటుకి ఇవతల ఇస్త్రీ చొక్కాల్లో నిలబడి జాగ్రత్తలు చెబుతున్నారు. డబ్బు కొంగున కట్టుకో, ఓడలో పై మెట్లెక్కకు, దిగాక ఫలానా వాళ్ళింటికి వెళ్ళు. జాగ్రత్తలు చెప్పడానికి ఏ ఓటూ అక్కర్లేదు కదా. కాంట్రాక్టరు తెల్ల లాల్చీలో గేటు దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. నాన్నల టికెట్లు, మొగుళ్ళ టికెట్లు ఆయన లాల్చీ జేబులో ఎత్తుగా కనిపిస్తున్నాయి.

అమ్మ చెయ్యి పట్టుకుని నేను గేటు దాకా తీసుకెళ్ళాను. గేటు మనిషి టికెట్టు చూసి, తోడెవరు అని అడిగాడు. కాంట్రాక్టరు గబగబా వచ్చి, ఓడలో బంధువులున్నారు, పంపించు అని సర్ది చెప్పాడు. ఆ గొంతు వినగానే అమ్మ అటు తిరిగింది. మొహం మీద కోపం లేదు. దారి అడిగే మనిషిలా అడిగింది.

"బాబూ, నీ ఓటు మా ఆయనకాడుంది. మా ఆయన టికెట్టు నీకాడుంది. నాకా సూపు లేదు. మా ఆయన యెక్కడున్నాడో నువ్వే సూపించు."

నాన్న అక్కడే ఉన్నాడు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. ఇదిగో ఇక్కడున్నానని అనలేకపోయాడు. కాంట్రాక్టరు నవ్వుదామని చూశాడు గానీ చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు. అమ్మ ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. వెనక ఉన్న ఒక డెలిగేట్ పెళ్ళాం తన పిల్లని చంకన మార్చుకుని, రెండో చెయ్యి అమ్మకిచ్చింది. ఇద్దరూ నిచ్చెన ఎక్కి లోపలికి వెళ్ళిపోయారు. ఓడ కదిలేదాకా నాన్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చూపులేని మనిషికి చెయ్యి ఊపడం ఏమిటో నాకు అర్థం కాలేదు, చీదర పుట్టింది.

ఇక్కడే కాంట్రాక్టరు చేసిన పొరపాటు ఉంది. ద్వీపంలో పుట్టి, జెట్టీలు కట్టి బతికే మనిషి చేయకూడని పొరపాటు. ఓడ నిచ్చెన పైకి లాగేశాక, మిగిలిన టికెట్టు చిత్తు కాగితం. ఆదివారం మధ్యాహ్నానికి ఆయన జేబులో ఉన్నవి ఓట్లు కావు, చిత్తు కాగితాలు. ఆ సంగతి గేటు ఇవతల నిలబడ్డ ప్రతి మగాడికీ తెలుసు. ఆయనకి మాత్రం మంగళవారం దాకా తెలియలేదు.

మంగళవారం ఎండ కాసింది. విమానం దిగింది. మెయిన్‌లాండ్ పెద్దాయన వాడిపోయిన దండలే వేయించుకుని పార్టీ ఆఫీసుకొచ్చాడు. టీలు అందించడానికి వార్డు ఆడపిల్లల్ని పిలిచారు, నేనూ వెళ్ళాను. ఓట్లు వేశారు, లెక్కపెట్టారు. దుకాణం భయ్యా గెలిచాడు. ఆయన ఇవ్వాల్సిన సగం రేకులు ఇంకా మిగిలి ఉన్నాయి. కాంట్రాక్టరు దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. మా వాళ్ళ అంతరాత్మ అంత తేలిగ్గా తేల్చుకుంది.

ఓడిపోయినవాడు నోరు మూసుకుని ఇంటికి పోతే కథ అక్కడే అయిపోయేది. కాంట్రాక్టరుకి కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. లేచి నిలబడి, లాల్చీ జేబులోంచి ఆ టికెట్ల కట్ట తీసి పెద్దాయన ముందు బల్ల మీద కొట్టాడు. వీళ్ళందరికీ నేను ఓడ టికెట్లు కొనిచ్చాను, తిని మోసం చేశారు, న్యాయం చేయండి అన్నాడు. ఓట్లు కొన్నానని, కొన్న ఓట్లు అందలేదని, పార్టీకే ఫిర్యాదు చేశాడు. అంత అమాయకత్వం నేను చంటిపిల్లల్లో కూడా చూడలేదు.

నేనిచ్చిన టీ గ్లాసు పెద్దాయన పక్కన పెట్టేశాడు. విననట్టు ఊరుకోవడానికి లేదు, అంతమంది విన్నారు. ఒక్కో టికెట్టు మీద పేరు చదివి, ఇది నీదేనా అని అడగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కడే లేచి, నాది కాదన్నాడు. ఆ పేరు గలవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామంది ఉన్నారన్నాడు ఒకడు. నాకు ఓడంటే వాంతులు అన్నాడు ఇంకొకడు, వాడు పుట్టినప్పటి నుంచి సముద్రం మీదే బతికినవాడు.

నాన్న వంతు వచ్చింది. టికెట్టు మీద రోగికి తోడు అని ఉంది, కింద రోగి పేరుంది. పెద్దాయన అమ్మ పేరు పైకి చదివి, ఈమె నీ భార్యేనా అని హిందీలో అడిగాడు. నాన్న నన్ను చూశాడు. కాదంటే రేకులు. అవునంటే పార్టీ లోంచి బయటికి. అంతకన్నా పెద్ద నష్టం అక్కడేమీ లేదు. మిగతా సగం కప్పు, ఇస్త్రీ చొక్కా, అంతే.

"నహీ సాబ్. ఇస్ నామ్ కీ ఔరత్ కో మై నహీ జానతా."

ఆ పేరుగల ఆడమనిషిని నేనెరగను అన్నాడు. తెలుగులో ఆ మాట నోటికి రాలేదేమో. ఆ వేళకి అమ్మ ఎక్కడో సముద్రం మధ్యలో, తన మంచం ఎటుందో చేత్తో తడుముకుంటూ ఉండి ఉంటుంది. నేను టీ పళ్ళెం అక్కడే పెట్టేసి ఇంటికి నడిచి వచ్చేశాను.

విచారణలో ఏమీ తేలలేదు, ఎవరూ ఏదీ ఇవ్వలేదు, ఎవరూ ఏదీ తీసుకోలేదు అని పెద్దాయన తేల్చాడు. శంఖాలు, ముత్యపు చిప్పల పెట్టె ఒకటి బహుమతిగా పట్టుకుని విమానమెక్కాడు. కాంట్రాక్టరుని కొద్దిరోజుల్లోనే ఉపాధ్యక్షుణ్ణి చేశారు. గెలిచిన భయ్యా ఇస్తానన్న సగం రేకులు ఇవ్వలేదు. వెళ్ళి అడిగితే, ఇస్తానన్నట్టు నీకేమైనా గుర్తుందా, ఎవరూ ఏదీ ఇవ్వలేదని పెద్దాయనే కదా తేల్చాడు అన్నాడట. నాన్న ఇంటికొచ్చి ఆ మాట నాతో చెప్పి, రాజకీయాల్లో మనుషుల్ని నమ్మకూడదన్నాడు.

అమ్మ వానలు తగ్గకముందే తిరుగు ఓడలో వచ్చింది. కంటి మీద పచ్చ గుడ్డ. ఆపరేషన్ అయింది, ఒక కంటికి చూపు నిలబడింది. ఎలా అయిందని అడిగితే అన్నం తింటూ చెప్పింది. ఆసుపత్రిలో మొగుడు సంతకం కావాలన్నారట. మొగుడు వచ్చేదాకా ఆగమన్నారట. ఎక్కడున్నాడని అడిగారట.

"నాకు మొగుడు లేడని సెప్పీసాను. మరైతే నువ్వే ఏలిముద్ర ఎయ్యమ్మా అన్నారు. ఏసీసాను."

ఆఫీసులో నాన్న అన్నమాట నేను అమ్మకి చెప్పలేదు. ఇంకెవరూ చెప్పి ఉండరు, అందరూ అదే మాట అన్నవాళ్ళే. నాన్న మాత్రం కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు. తెలిసి అందో తెలియక అందో ఆయనకి అంతుపట్టలేదు. ఆయన చచ్చేదాకా అంతుపట్టలేదు, అడిగే ధైర్యమూ చేయలేదు.

అమ్మ చెయ్యి కడుక్కుని, ఉన్న ఒక్క కంటితో ఇల్లంతా కలయజూసింది. వెళ్ళేముందు ఆ రేకులు ఆవిడకి తెల్లటి మసకలాగా మాత్రమే కనిపించాయి. ఇప్పుడు మేకులతో సహా చూసింది. రెండో పక్క ధనీ ఆకులోంచి వాన నీళ్ళు కారుతున్నాయి, కింద నేను గిన్నె పెట్టాను. అమ్మ రేకుల కింద ఉన్న తన చాప చుట్టి, అటుపక్కకి తీసుకెళ్ళి, గిన్నె కాస్త జరిపి పరుచుకుంది. తడుస్తావే అన్నాడు నాన్న. ఆవిడ పడుకుని అటు తిరిగింది. బతికినన్నాళ్ళూ అమ్మ ఆ పక్కనే పడుకుంది.